వైద్యం చేసే బొమ్మ

రూతమ్మ మిరప కళ్లంలో కూర్చుని రాక్షసులతో పోరాడుతుందంటే ఊళ్లో సగం మంది నవ్వారు, మిగతా సగం మంది నమ్మలేదు. నవ్విన వాళ్లలో ఒక్కరైనా ఎండలో పొద్దస్తమానం కాయలకు కాపలా ఉండి చూశారా? గొడ్లు తొక్కకుండా, పందులు రాకుండా, మబ్బు పడితే పరుగున పట్టాలు కప్పేలా ఒక మనిషి అక్కడే ఉండాలి. రంగు పోయిన తాలుకాయలు ఏరడం అయిపోయాక ఆ మనిషికి పొద్దు పోవాలి కదా! మగవాళ్లు అదే కాపలాలో పేకాడితే ఎవరికీ నవ్వు రాలేదు. నలభై ఏళ్ల ఆడమనిషి ఫోనులో ఆటాడేసరికి మాత్రం అందరి పళ్లూ బయటపడ్డాయి.

రూతమ్మ పుట్టిల్లు రాజుపాలెం పక్కన. పదో తరగతి పాసై, నర్సు ట్రైనింగుకు పోతానని ఏడ్చి గోల చేస్తే, ఇంట్లోవాళ్లు పెళ్లి చేసి గురజాల దగ్గరి పల్లెకు పంపించారు. భర్త మరియదాసు ట్రాక్టరు నడుపుతాడు. కౌలుకు తీసుకున్న మిరప చేను మాత్రం నారు పోసిన దగ్గర్నుంచి కాయ మూటకెత్తేదాకా ఆమెదే. లాక్‌డౌన్ రోజుల్లో గురజాలలో సెల్లు రిపేరు కొట్టు నడిపే ఆసిఫ్ ఆమె ఫోను బాగుచేసి, సరిగా నడుస్తోందో లేదో చూడటానికి అందులో ‘వీరకోట’ అనే ఆట వేశాడు. తీసెయ్యడం మర్చిపోయాడు. నలుగురు జట్టుగా కోటల్లోకి చొరబడి రాక్షసులను పడగొట్టే ఆట అది. ఆడేవాళ్లు తలా ఒక ఊళ్లో ఉన్నా ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. కత్తి పట్టేవాళ్లు కత్తి పట్టొచ్చు, విల్లు పట్టేవాళ్లు విల్లు పట్టొచ్చు. రూతమ్మ ఇంకో ఆలోచన లేకుండా వైద్యురాలిని ఎంచుకుంది. పుట్టింట్లో ఏడ్చినా దొరకని పని అక్కడ అడక్కుండానే దొరికింది.

ఆమె జట్టులో డాలు పట్టేది ఆసిఫ్. విల్లు ఉషది, ఆ పిల్ల గురజాల నుంచి పోయి ఎడ్లపాడు వైపు నూలు మిల్లులో పనిచేస్తోంది. కత్తి వెంకట సాయిది. వాళ్ల నాన్నకు రూతమ్మ ఊళ్లోనే ఎరువుల కొట్టుంది, వెంకట సాయి అందులో కూర్చుంటాడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి ఆమెను పిన్నీ అనే పిలుస్తాడు.

వాళ్ల జట్టుకు రూతమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. మిరప కోతల్లో బదులు అనే పద్ధతి ఉంది. ఇవాళ నువ్వు మా చేలో కాయ కోస్తే, రేపు నేను మీ చేలో కోస్తాను. కూలి మాట రాదు, మనిషికి మనిషి. ఆటలోనూ అంతే అంది. ఒకరి ఆయుధం కోసం అందరూ దిగాలి, తర్వాత ఆ ఒకరు మిగతావాళ్ల కోసం దిగాలి. వెంకట సాయి కత్తి కోసం కోతల రోజుల్లోనే దిగాల్సి వచ్చింది. కాయ కోసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఆ వేళ్లతోనే రూతమ్మ ఫోను మీద నొక్కుతూ, మధ్యలో మరిచిపోయి కళ్లు నులుముకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే కూడా అతన్ని పడిపోనివ్వలేదు. కత్తి వచ్చింది. ఇక వంతు రూతమ్మది. రాతిరాజు కోటలో ఉండే వైద్యుల దండం ఆమెకు కావాలి.

సరిగ్గా అప్పుడే వెంకట సాయి ‘అగ్నిద్వీపం’ అనే కొత్త ఆట తెచ్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ కళ్లంలోనే కూడారు. ఉష సెలవు మీద వచ్చింది. పట్టా నీడలో నాలుగు ఫోన్లు పక్కపక్కన పెట్టి రెండు ఆటలనూ పోల్చారు.

“నీళ్లు చూడు పిన్నీ, మన నీడ గూడా కనపడుద్ది. వీరకోటలో నీళ్లంటే నీలం రంగు గోనెపట్టా పరిచినట్టు ఉంటాయి. దీని మ్యాపు దానికి పదింతలు. పోల్చి చూపించే వీడియోలు చూడు, అందరూ దీనికే అయిదు స్టార్లు ఇచ్చారు” అన్నాడు వెంకట సాయి.

రూతమ్మ మొండిది కాదు. నీళ్లు నిజంగానే బాగున్నాయని ఒప్పుకుంది. గుర్రం పరిగెడుతుంటే దుమ్ము లేవడం చూసి ముచ్చటపడింది. ఫోను పెనంలా కాలుతోందని, సిగ్నలు ఒక గీత తగ్గితే బొమ్మ బిగుసుకుపోతోందని కూడా చెప్పింది. “ఇయ్యన్నీ సరే. దీంట్లో మడిసికి మడిసితో పనేంది? అది చెప్పు” అంది.

“అదే దీని గొప్ప. ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లా. ఎవరన్నా రాకపోతే కంప్యూటరే బొమ్మనిచ్చుద్ది.”

ఆడి చూద్దామనుకున్నారు. రూతమ్మ అందరికీ మజ్జిగ పోసి, చేతులు తుడుచుకుని ఫోను తీసుకునేసరికి, తెర మీద ఒక ముక్క కనబడింది: మీ స్థానం భర్తీ అయింది. జట్టులో చోటు నలుగురికే. వెంకట సాయి నాయకుడు. ఆసిఫ్‌నీ ఉషనీ తీసుకుని, నాలుగో చోట వైద్యం చేసే బొమ్మను పెట్టాడు. జానెడు దూరంలో, ఆమె పరిచిన పట్టా మీద కూర్చుని, ఆమె పోసిన మజ్జిగ తాగుతూ పెట్టాడు.

“ఏందిరా ఇది?”

“ఒక్కసారికే పిన్నీ. ఆ బొమ్మ నీకన్నా స్పీడుగా చేసుద్ది. ఊరికే టెస్టు.”

రూతమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదా? తెలియని వాడెవడో తోసేస్తే వాడి ఖర్మ అనుకోవచ్చు. పిన్నీ పిన్నీ అంటూనే తోసేస్తే ఏమనుకోవాలి? ఆమె లోకంలో ఆమెను కావాలని పిలిచే చోటు ఆ జట్టొక్కటే. చేలో ఆమె కాకపోతే ఇంకో కూలిమనిషి వస్తుంది. ఇంట్లో కూర మాడితే తప్ప ఆమె పేరు ఎవరూ ఎత్తరు. ఆ ఒక్క చోటూ ఒక్క నొక్కుతో పోయింది.

ఫోను కింద పెట్టేసి, వాళ్ల ఆట చూస్తూ కూర్చుంది. మంటల పాము వచ్చింది. అందంగానే ఉంది. ఆసిఫ్ డాలు అడ్డం పెట్టాడు, ఒక్క దెబ్బకు సగం ప్రాణం పోయింది. బొమ్మ అతని వైపు తిరగలేదు. పిలిచినవాడికి తప్ప ఇంకొకరికి అది వైద్యం చెయ్యదట. ఆసిఫ్ పడిపోయాడు. తర్వాత ఉష పడిపోయింది. వెంకట సాయి ఒక్కడే బొమ్మతో నిలబడి పామును చంపాడు.

“గెలిచాం!” అని ఎగిరాడు.

“గెలిచింది నువ్వు. నేను చచ్చి చానాసేపైంది” అంది ఉష.

ఆసిఫ్ ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. “రూతక్క ఉంటే నేను పడేవాణ్నా? నాది సగానికి రాకముందే చూసుద్ది గదా.”

వెంకట సాయి ముఖం మాడ్చుకున్నాడు. “నా మీద పడతారేంది? ఆట అట్టా చేశారు. ఆట తప్పు.”

అప్పుడు లేచింది రూతమ్మ. “ఆట మీదికి తొయ్యమాకరా. ఆ ఆట చేసినోళ్లకు నేనెవరో తెలవదు. నా మొహం చూడలేదు, నా మజ్జిగ తాగలేదు. ఆట అమ్ముకుంటానికి బొమ్మను పెట్టారు, పెట్టుకోనీ. నా పేరు తీసేసి దాన్ని నొక్కింది ఎవరి వేలు? కంట్లో కారం పడి గుడ్డిదాన్లా తడుముకుంటా నీ కత్తి కోసం నిలబడ్డానే, ఆ రోజు స్పీడు తక్కువని నీకు తోచలేదా?”

వెంకట సాయి చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వీరకోటలో రాతిరాజు కోట ముందు ముగ్గురు నిలబడ్డారు. నాలుగోవాడు వస్తాడో రాడో అనుకుంటుండగా వెంకట సాయి వచ్చాడు. రూతమ్మ అతన్ని కాదనలేదు. లోపలికి దిగాక ఒక్క పొల్లు మాట లేకుండా ఆడింది. ఆసిఫ్‌ను చూసినట్టే అతన్నీ చూసింది, ఒక్క దెబ్బ కూడా లోతుగా తగలనివ్వలేదు. గోనెపట్టా లాంటి ఆ నీలం నీళ్ల పక్కనే రాతిరాజు కూలిపోయాడు. దండం ఆమె చేతికొచ్చింది.

ఉష సంతోషంతో కేకలు పెట్టింది. వెంకట సాయి గొంతులో కూడా బరువు దిగిన హాయి వినబడింది.

“నీ బదులు తీర్చేశా గదా పిన్నీ. ఇంక కోపం లేదుగా? రేపు నా కవచానికి పోదామా?”

“తీర్చావు. లేదనను” అంది రూతమ్మ. “మా చేలల్లో ఎవరితోనన్నా చెడితే, ముందు ఉన్న బదులు తీర్చుకుంటాం. బాకీ పెట్టుకుని తెంచుకోం. నీది నాకు తీరింది, నాది నీకు తీరింది. ఇంక నన్ను పిలవమాక.”

“ఒక్క నొక్కుకి ఇంత పంతమా పిన్నీ? కవచం రావాలంటే వైద్యం చేసే మనిషి లేకుండా ఎట్టా?”

“నీ బొమ్మను పిలుచుకో. దానికైతే మళ్లీ నువ్వు బదులు రానక్కర్లేదు.”