కుళ్ళింది అతని చెయ్యి వల్ల కాదు

మా హాస్టల్ పాత మిత్రులం అప్పుడప్పుడు తార్నాకలో ఎవరో ఒకరింట్లో కలుస్తాం. కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి మామిడికాయల దగ్గరికి వస్తాయి. గదినిండా కాయలు కుళ్ళబెట్టిన మిత్రుడి కథ చెప్పుకుని అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను. ఎవరికీ గుర్తురాని రోజున ఆ కథ నేనే ఎత్తాను కూడా. ఆ కథ తప్పు.

అరవైల చివర్లో మేమిద్దరం యూనివర్సిటీలో చదువుతున్నాం. వేసవి సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళని విద్యార్థులకు క్యాంపస్ చెట్ల కాయలు కోసే పని ఇచ్చేవారు. పని ఉన్నన్నాళ్ళూ మెస్‌లో తిండి, హాస్టల్లో గది. నాకది సరదా. మా నాన్న కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగి, ఇల్లు క్యాంపస్ పక్కన నల్లకుంటలోనే; దోస్తుల కోసం హాస్టల్లో ఉండేవాణ్ణి. అతనిది నల్గొండ వైపు రైతు కుటుంబం. ఆ తిండీ ఆ గదీ ఉంటేనే అతను తర్వాతి పరీక్షకు కూర్చోగలడు.

కోతకు ఒక పద్ధతి ఉండేది. చిక్కం కట్టిన కర్రతో తొడిమ ఊడకుండా కాయ తెంపాలి, గోనెసంచిలో వేసి తాడుతో కిందికి దించాలి. నేల మీద పడ్డ కాయను మంచి గంపలో కలపకూడదు. అది వేరే కుప్ప, మెస్‌లో పప్పుకు పోతుంది. దెబ్బ తగిలిన సంగతి ఆ రోజు పైకి కనిపించదు మరి. గడ్డిలో వేశాక లోపల్నుంచి కుళ్ళి, పక్క కాయల్నీ పాడుచేస్తుంది.

కాయలు మాగేయడం అతని పని. హాస్టల్ వెనక ఖాళీ గదిలో వరిగడ్డి పరిచి, వరస మీద వరస పేర్చేవాడు.

"మా ఇంట్ల చిన్నప్పటిసంది నేనే వేస్త. మా అమ్మ నా చెయ్యి మంచిదంటది" అనేవాడు.

"అయితే ఆ చేత్తో నా పరీక్ష కూడా రాసిపెట్టరా" అన్నాను ఒకసారి.

"నీ పేపర్ ఎంత గడ్డి కప్పినా పండది, పో."

ఆ రోజు మధ్యాహ్నం అతను నిండిన గంప ఎత్తుకుని గదికి వెళ్ళాడు. నేను చెట్టు మీద ఒక్కణ్ణే ఉన్నాను. తార్నాకలో దోస్తులు మ్యాట్నీకి రమ్మన్నారు. ఒక్కొక్క సంచీ దించుకుంటూ కూర్చుంటే ఆట మొదలైపోతుంది. కొమ్మ మీద నిలబడి గట్టిగా ఊపాను. కాయలు కింద బండల మీద దబదబా రాలాయి. దిగి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, గంప అడుగున అవి వేసి, పైన మంచివి పేర్చాను.

అతను తిరిగొచ్చి గంప చూసి, "ఇంత జల్ది నింపినవా? శభాష్ బిడ్డా!" అని నెత్తికెత్తుకున్నాడు. నేను సినిమాకు వెళ్ళాను.

కొన్నాళ్ళకు గది తలుపు తీస్తే పుల్లటి వాసన ముఖానికి కొట్టింది. గడ్డి అంతా చీము కారినట్టు తడిసిపోయింది. తోటల సూపర్వైజర్ మమ్మల్నందరినీ పిలిచాడు.

"ఎవని చెయ్యి బే ఇది?"

"నాదే సార్" అన్నాడతను. అనుమానం లేకుండా అన్నాడు. పేర్చింది తనే కదా.

"నీ చేతికి పండ్లు మాగవు. రేపటిసంది రాకు."

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే నా పని పోతుంది, అంతే. నల్లకుంట వెళ్ళి అమ్మ చేతి అన్నం తినేవాణ్ణి. అతను మర్నాడు ట్రంకుపెట్టె పట్టుకుని ఊరికి పోయాడు. పరీక్ష రాయలేకపోయాడు. ఏడాది ఆలస్యంగా చదువు ముగించాడు. అప్పటికే అందరి నోళ్ళలో అతను 'కుళ్ళుచెయ్యి' అయిపోయాడు.

ఇదంతా కుర్రతనం కింద కొట్టేసుకుని బతికాను. ఈ ఏడు కలుసుకున్నది తార్నాకలోనే, అతనింట్లో. అందరూ నవ్వుతుంటే అతని భార్య కూడా అందుకుంది. "మా ఇంట్ల పచ్చడి పెట్టే రోజు ఈయనను బయటికి పంపిస్త, అన్నా. ఈ చెయ్యి తాకితే జాడి బూజు పడ్తది." అతను తల వంచుకుని నవ్వాడు. తల్లి మంచిదన్న చెయ్యి అది. ఆ మాట అతనే నమ్మడం మానేశాడని అప్పుడు తెలిసింది నాకు.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళి, భార్యాభర్తలిద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను.

"గిన్నేండ్లకా?" అన్నాడతను. తిట్టలేదు. తిడితే బాగుండును.

ఆమె నవ్వింది. "దోస్తు కోసం మంచిగ చెప్తున్నరన్నా! కూసోండి, చాయ్ పెడ్త."

"నిజం అమ్మా, కొమ్మ ఊపింది నేనే" అన్నాను.

"అయ్యో, తెలుసు తియ్యన్నా" అంది, ఏమీ తెలియకుండానే.

గది మూల గంపలో పచ్చడికి తెచ్చిన కాయలున్నాయి. అతను లేచి వెళ్ళి ఒంగి, ఒక కాయ వైపు చెయ్యి చాచాడు. ఆమె మాట ఆపకుండానే, అటు చూడకుండానే, కాలితో గంపను తన వైపు జరుపుకుంది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.