మా చిన్నమ్మ కలిపిన డబ్బా పాలు

నా చిన్నప్పుడు మాదాపూర్ గుట్టల మధ్య ఈ అద్దాల మేడలు ఇంకా లేవు. వాటిని కట్టడానికొచ్చిన మా రేకుల షెడ్లు మాత్రం ఉండేవి. పాలమూరు నుంచి మా ఊరివాళ్లం కొన్ని కుటుంబాలు పనికొచ్చాం. మా నాయన రాళ్లు కొట్టేవాడు. మా అమ్మ, పక్క షెడ్డులో ఉండే మా చిన్నమ్మ కంకర తట్టలు మోసేవాళ్లు. చిన్నమ్మ అమ్మకు సొంత చెల్లెలు. ఇద్దరూ ఆ ఏడు కొద్ది రోజుల తేడాతో ఆ షెడ్లలోనే ప్రసవించారు. నాకు తమ్ముడు పుట్టాడు, చిన్నమ్మకు ఆడపిల్ల. పచ్చి ఒళ్లు ఆరకముందే ఇద్దరూ మళ్లీ తట్ట ఎత్తుకున్నారు.

చీర ఉయ్యాలల్లో ఆ పసివాళ్లను ఊపుతూ కూర్చోవడం నా పని. ఏడుపు మొదలైతే పరుగెత్తుకెళ్లి కేకేసేదాన్ని. అమ్మో చిన్నమ్మో, ఎవరు దగ్గర్లో ఉంటే వాళ్లు తట్ట దించి వచ్చి ఇద్దరికీ పాలిచ్చి పోయేవాళ్లు. ఆ కాసేపటికే మేస్త్రి నోటికొచ్చినట్టు తిట్టేవాడు. పాలిచ్చే ఆడదాన్ని పనిలో పెట్టుకోవడమే తను చేసిన పాపమన్నట్టు మాట్లాడేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు ఒక వ్యాను వచ్చింది. పేద తల్లులకు, పిల్లలకు సాయం చేసేవాళ్లమని చెప్పారు. ఒక్కో తల్లికీ ఒక సంచి ఇచ్చారు. అందులో మెత్తటి తువ్వాలు, సబ్బు, పాలసీసా, ఒక పాలపొడి డబ్బా. డబ్బా మీద బొద్దుగా నవ్వుతున్న బాబు బొమ్మ. మా అమ్మ ఆ బొమ్మను ఎంత సేపు చూసిందో! ఈ పాలు తాగితే తన కొడుకూ అట్లాగే అవుతాడనుకుంది. నీళ్లు బాగా మరగబెట్టి కలపాలని కూడా చెప్పారు. చెప్పి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

మేం తాగేది ఇనుప డ్రమ్ములో నీళ్లు. సిమెంటు కలపడానికి ట్యాంకరులో వచ్చే నీళ్లే అవి. అడుగున ఎర్రటి మడ్డి ఉండేది. పుల్లలు ఏరుకొచ్చి పూటకింత గంజి కాచుకోవడమే గండమైన చోట, సీసా సీసాకూ నీళ్లెవరు మరగబెడతారు? ఆ మాట ఆ వచ్చినవాళ్లలో ఒక్కరూ అడగలేదు.

కానీ ఆ డబ్బాల వల్ల ఎవరికి మేలు జరగాలో వాళ్లకు జరిగింది. మర్నాటి నుంచే మేస్త్రి, "ఇగ డబ్బా పాలొచ్చినయి కదా, మాటిమాటికి షెడ్లకు ఉరుకుడెందుకు?" అని ఆడవాళ్లను పని మీద నుంచి కదలనివ్వలేదు. షెడ్లలోనే ఉండే ఒక ముసలవ్వ సీసాలు కలిపి ఇస్తే, నేను పట్టేదాన్ని. తల్లిపాలు తాగే నోరుంటేనే ఊరతాయి. మొదట్లో అమ్మ రవికె తడిసిపోయేది, రొమ్ములు గడ్డకట్టి నొప్పితో మూలిగేది. తర్వాత ఆ తడీ లేదు, ఆ నొప్పీ లేదు. పాలు ఎండిపోయాయి. ఈలోగా డబ్బాలూ అడుగంటాయి. పొడి తగ్గేకొద్దీ నీళ్లు పెరిగాయి. చివరికి ఆ సీసాలో ఉన్నది బియ్యం కడుగు కన్నా పలుచన.

ముందు చిన్నమ్మ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత తమ్ముడికి. కళ్లు లోపలికి పోయి, ఏడ్చే ఓపిక కూడా లేక ఇద్దరూ ఉయ్యాలలో వడిలిన ఆకుల్లా పడి ఉన్నారు. బాబాయి బిడ్డను భుజానేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. డాక్టరు చూసి, నీళ్లు మంచివి కావు, సీసా పాలు పట్టకుండా ఉండాల్సింది అన్నాడట. బిడ్డ తిరిగి రాలేదు. గుట్ట వెనక పెద్ద బండ పక్కన పూడ్చారు. ఆ గుట్టా లేదు, ఆ బండా లేదు ఇప్పుడు. అక్కడ కార్లు నిలుపుతున్నారు.

పూడ్చి వచ్చిన సాయంత్రం చిన్నమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా మా షెడ్డుకొచ్చింది. ఉయ్యాలలోంచి తమ్ముణ్ని తీసుకుని రొమ్ముకు పెట్టుకుంది. ఆమెకు ఇంకా కొన్ని పాలు మిగిలి ఉన్నాయి. వాడు ముందు పట్టలేకపోయాడు. ఆమె వదల్లేదు. ఏడుస్తూనే పట్టించింది. మేస్త్రి వచ్చి పిలిచినా పనికి పోలేదు. వాడు తాగేకొద్దీ పాలు పెరిగాయి, వాడి కళ్లు మళ్లీ పైకొచ్చాయి. మా అమ్మ గడప దగ్గర కూర్చుని చెల్లెలి కాళ్లు పట్టుకుని ఏడవడం నేను చూశాను.

తర్వాత కొన్నాళ్లకు అదే వ్యాను మళ్లీ వచ్చింది. ఈసారి షామియానా వేశారు. ఒక పెద్దసారు వస్తున్నాడని తల్లులందర్నీ పిల్లల్తో సహా ఎండలో వరసగా నిలబెట్టారు. షామియానా కింద నీడ కుర్చీలకే. సారు వచ్చాడు, తల్లిని మించిన దైవం లేదని చాలాసేపు మాట్లాడాడు. చిన్నమ్మ తమ్ముణ్ని నా చంకకిచ్చి ముందుకెళ్లింది. పంచడానికి బల్ల మీద పెట్టిన డబ్బాల్లో ఒకటి తీసి మూత విప్పింది. మా డ్రమ్ములోంచి గ్లాసుతో నీళ్లు ముంచి, పొడి వేసి, వేలితోనే కలిపింది. రెండు చేతులా పట్టుకుని సారుకిచ్చింది.

"ఎండల వచ్చిండ్రు సారూ. జర తాగుండ్రి."

సారు గ్లాసులోకి చూశాడు. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. "నాకు పాలు అలవాటు లేదమ్మా," అన్నాడు నవ్వుతూ.

"నా బిడ్డకు కూడ అలవాటు గాలేదు సారూ. సచ్చిపోయింది."

ఫొటోలు తీసే అతను కెమెరా దించేశాడు. మేస్త్రి చిన్నమ్మ జబ్బ పట్టుకుని లాగబోతే, ఆమె చూసిన చూపుకి చెయ్యి వదిలేశాడు. సారు గడియారం చూసుకుని కారెక్కాడు. మిగిలినవాళ్లూ గబగబా సర్దుకున్నారు. వాళ్లలో కళ్లజోడు పెట్టుకున్న ఒక్క అమ్మాయి మాత్రం నిలబడిపోయింది. కోస్తా వైపు మాట. చిన్నమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని కింద పెట్టి, "మీకేం కావాలండీ?" అని అడిగింది.

"నా బిడ్డ గావాలె. ఇస్తవా?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. కానీ పోలేదు. అప్పుడు వరసలో ఉన్న మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే నోరు తెరిచారు. మంచినీళ్లు కావాలన్నారు. పిల్లలకింత నీడ కావాలన్నారు. పాలిచ్చి రావడానికి పోనిస్తే చాలు, డబ్బాలు ఎవరిక్కావాలి అన్నారు. సంచులు పంచిపోయిన ఆ సాయంలో, మీకేం కావాలన్న ప్రశ్న మొదటిసారి వినిపించింది అప్పుడే.

ఆ కళ్లజోడు అక్క అవన్నీ రాసుకుని, చూస్తానని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది. తల్లికి పాలు రాని చోట డబ్బాయే దిక్కని, ఉన్న పాలు ఎండగొట్టి డబ్బా ఇవ్వడం సాయం కాదని తనవాళ్లతోనే పోట్లాడిందని తర్వాత విన్నాం. తాగే నీళ్లకు వేరే ట్యాంకరు వచ్చింది. తడకలతో పిల్లలకొక పాక లేచింది. పాలిచ్చి వచ్చే తల్లులను మేస్త్రి తిట్టడం మానలేదు గానీ, ఆపడం మానాడు.

చిన్నమ్మను మాత్రం వారం తిరక్కుండా పనిలోంచి గెంటేశాడు. నోరున్న ఆడది తనకు పనికిరాదన్నాడు. బాబాయి, ఆమె జీడిమెట్లలో మందుల కంపెనీ పనికి పోయారు. పాలు తాగే తమ్ముడు ఇక్కడుంటే ఎట్లా బతుకుతాడు? అమ్మ వాణ్ని చెల్లెలి ఒళ్లో పెట్టి, ట్రాలీ ఎక్కించి, ఆ దుమ్ములో అది కనబడకుండా పోయేదాకా నిలబడింది. వాడు చిన్నమ్మ కొడుగ్గానే పెరిగాడు. ఇప్పటికీ ఆమెను అమ్మా అంటాడు, మా అమ్మను పెద్దమ్మా అంటాడు.

కోపం మంచిది కాదని నాకు చాలామంది చెప్పారు. నేను నమ్మను. ఆ రోజు దండం పెట్టి సంచి తీసుకునే వరసలో మా చిన్నమ్మ ఒక్కతే కోపం తెచ్చుకుంది గనక ఆ షెడ్లలో మిగిలిన పిల్లలు బతికారు. సాయం చేసేవాణ్ని కూడా ప్రశ్న అడగాలని, చేతులు కట్టుకుని తీసుకునేదంతా మేలు కాదని నాకు తెలిసింది ఆమె వల్లే.

ఇప్పుడు నేను అమ్మమ్మను. అదే మాదాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అంతస్తులో మదర్స్ రూమ్ అని ఒక గది ఉంది. మెత్తటి కుర్చీ, చిన్న ఫ్రిజ్, తలుపుకి గడియ. పాలిచ్చే తల్లులైన ఉద్యోగినుల కోసమట. మొన్న, మా పనివాళ్లలో కొత్తగా చేరిన బాలింత ఒకామె బాత్‌రూమ్‌లో సింకు మీదికి వంగి పాలు పిండి పారబోస్తూ కనబడింది. బిడ్డ పుప్పాలగూడలో గుడిసెలో ఉందట. ఆ గదిని రోజూ తుడిచేది ఈ పిల్లే. అందులో కూర్చోవడానికి మాత్రం మా వాళ్లకు అనుమతి లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. మరిగించి కడిగిన స్టీలు డబ్బా ఒకటి ఇచ్చి, పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాను, సాయంత్రం బిడ్డకు తీసుకుపొమ్మన్నాను. "అక్కా, ఎవరన్నా చూస్తే?" అంది భయంగా. తలుపు వేసి, బయట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఎవరన్నా వచ్చి అడగాలనే కోరుకున్నాను.