ఆ ఫ్యాను ఎనెయిదాది

ఎనెయిదా రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి ఉంది. పక్కింటి బెల్కిస్ ఎక్కణ్ణుంచో రొప్పుతూ వచ్చి, తన ఫోను తెచ్చి ఆమె మొహం ముందు పెట్టింది.

"అక్కా, చూశావా? మీ ఫ్యాను లోకమంతా తిరుగుతోంది!"

కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన ఎనెయిదా ఆ ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూసింది. తన వసారాయే. తన ఊగుడు కుర్చీయే. పక్కన స్టూలు మీద ఉన్నదీ తన ఫ్యానే. పాత నల్ల టెలిఫోను డొక్క మీద వాషింగ్ మిషను మోటారు, ఆ మోటారుకి అల్యూమినియం రెక్కలు. చుట్టూ వేళ్ళకి అడ్డుగా జాలీ గీలీ ఏమీ లేదు.

అది హవానాలో యోయెల్విస్ అనే కుర్రాడు నడిపే పేజీ. సూట్‌కేసులో ఇమిడే రేడియో, సైకిలు తొక్కితే తిరిగే మిక్సీ, పళ్ళేలతో చేసిన టీవీ యాంటెన్నా లాంటి వింతలన్నీ ఏరి అందులో పెడుతుంటాడు. పోయిన వారం తమ ఊరు మన్సనీయోకి వచ్చి వీధులన్నీ తిరిగాడని ఎనెయిదా విన్నది. తమ ఇంటికీ వచ్చాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"కింద ఏం రాశాడో చదువు."

బెల్కిస్ గొంతు సవరించుకుని చదివింది. "ఎండకి అల్లాడిపోతున్న భార్యని చూడలేక, విశ్రాంత లారీ డ్రైవరు అరిస్తిదెస్ తన చేతులతో, ప్రేమతో తయారుచేసిన ఫ్యాను."

"ఏమిటీ? మళ్ళీ చదువు."

బెల్కిస్ మళ్ళీ చదివింది. వరసలో ముందున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి విన్నారు. ఫొటో కింద జనం నవ్వులు చాలానే ఉన్నాయి. దీని దగ్గర నిద్రపోతే పొద్దున్నకి వేళ్ళుండవని ఒకడూ, ఇది తిరుగుతుందా లేక తింటుందా అని ఇంకొకడూ రాశారు. ఎనెయిదాకి వాటితో పట్టింపు లేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ఆ "ప్రేమతో" దగ్గరే ఆమెకి ఒళ్ళు మండింది. రొట్టె వంతు బెల్కిస్‌కి అప్పజెప్పి ఇంటికి బయల్దేరింది.

ఏళ్ళ కిందట, రష్యావాళ్ళ సామాను రావడం ఆగిపోయి, కరెంటు కూడా ఉండీ లేనట్టుండే ఆ చెడ్డ రోజుల్లో ఎనెయిదా చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించే పని చేసేది. తల్లి ఒర్తెన్సియా మంచాన పడింది. ఆ ఎండాకాలం ముసలావిడ దిండు పిండితే నీళ్ళు కారేలా ఉండేది. ఇంట్లో రెండు తొట్లున్న రష్యా వాషింగ్ మిషను ఉండేది. బట్టలుతికే తొట్టి పగిలిపోయింది, ఆరబెట్టే తొట్టి మోటారు మాత్రం బతికే ఉంది. ఆ మోటారు తీసి ఫ్యాను చేస్తానని ఎనెయిదా అంటే అరిస్తిదెస్ ఎగిరిపడ్డాడు.

"మతి గానీ పోయిందా? అతుకేసి ఎవరికైనా ఇస్తే ఆ మిషనుకి బదులు ఒక పంది పిల్ల వస్తుంది. విప్పితే ఇనుప ముక్కలే మిగుల్తాయి!"

ఆమె విప్పేసింది. అతను అలిగి తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. అతను లేని ఆ రోజుల్లోనే ఆమె వంటగిన్నెల మూతలు తోలు కత్తెరతో కోసి రెక్కలు చేసింది. ఒక రెక్క బరువెక్కువై ఫ్యాను స్టూలు మీద కప్పలా గెంతితే, అంచులు కొంచెం కొంచెంగా తీసి సరిచేసింది. మోటారు దానంతటది కదిలేది కాదు, రెక్కని పెన్సిలుతో ఒక్కసారి తోస్తేగానీ అందుకునేది కాదు. చివరికి అందుకున్న రోజున తల్లి నుదుటి మీద అతుక్కుపోయిన వెంట్రుకలు లేచాయి. "కిటికీ ఎవరు తీశారే?" అని అడిగింది ఆవిడ.

అరిస్తిదెస్ తిరిగొచ్చి తన కుర్చీ ఫ్యాను ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. ఆనాటి నుంచీ అతని చోటు అదే.

ఇప్పుడూ అక్కడే ఉన్నాడు, చొక్కా లేకుండా, కాళ్ళు బార్లా చాపి.

"ఏమయ్యా, ఈ ఫ్యాను ఎవరు చేశారు?"

"ఏ ఫ్యాను?"

"ఈ కొంపలో ఎన్నున్నాయి?"

అరిస్తిదెస్‌కి సంగతి అర్థమై కాళ్ళు ముడుచుకున్నాడు. "ఆ కుర్రాడు వచ్చి, తాతా నువ్వే చేశావా అని అడిగాడే. నేను కాదనలేదు, అంతే. అవునని మాత్రం అన్నానా?"

"మరి ప్రేమతో అని ఎవడన్నాడు?"

"అది వాడు కలిపాడు. బాగానే ఉందిగా? అయినా ఒకే ఇల్లు, ఒకే కాపురం. నువ్వు చేస్తేనేం, నేను చేస్తేనేం?"

"అలాగా! బయామో రోడ్డు మీద నీ లారీ బోల్తాపడ్డప్పుడు, నేను నడిపితేనేం, మా ఆవిడ నడిపితేనేం అని పోలీసులకి చెప్పావా?"

ఆ రోజు ఎనెయిదా అన్నమూ చిక్కుళ్ళూ తన ఒక్కదాని పళ్ళెంలోనే వడ్డించుకుని తింది.

ఆ వారంలోనే ఊరి సాంస్కృతిక భవనం నుంచి డైరెక్టరు మారిసెలిస్ వచ్చింది. ప్రజల చేతి వింతలతో ప్రదర్శన పెడుతున్నామనీ, పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాను తప్పకుండా కావాలనీ అడిగింది.

"ఇస్తాను. కానీ దాని ముందు పెట్టే అట్ట మీద నా పేరుండాలి. ఎనెయిదా రోసాబాల్," అంది ఎనెయిదా.

"ఉంటుంది కామ్రేడ్, ఎందుకుండదు!" అని నవ్వుతూ ఫ్యాను పట్టుకుపోయింది.

ప్రారంభం రోజున ఎనెయిదా మంచి గౌను వేసుకుని వెళ్ళింది. అరిస్తిదెస్ అప్పటికే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో అక్కడ నిలబడి కనిపించాడు. చుట్టూ తాడు కట్టిన బల్ల మీద ఫ్యాను కదలకుండా ఉంది. దాని ముందు అట్ట: "అరిస్తిదెస్ తన భార్య కోసం చేసినది. ముట్టుకోరాదు."

ఎనెయిదా డైరెక్టరుని చేయి పట్టి తెచ్చి అట్ట చూపించింది.

"ఇంటర్నెట్‌లో ఉన్నదే రాయించాం కామ్రేడ్. మళ్ళీ రాయిద్దామంటే అట్టలు లేవు," అంది మారిసెలిస్ గొంతు తగ్గించి. "జనానికి ఈ కథే నచ్చింది. అయినా అందులో మీరూ ఉన్నారుగా. భార్య అంటే మీరేగా?"

"నా పేరు భార్య కాదు."

ఎనెయిదా తాడు ఎత్తి లోపలికి దూరింది. ప్రదర్శనకని మళ్ళీ ఊరికొచ్చి ఓ మూల నుంచి వీడియో తీస్తున్న యోయెల్విస్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మమ్మా, ముట్టుకోకూడదట."

"నేను నీకు అమ్మమ్మని కాను. మా అమ్మ చెమట ఆరడానికి కోసిన రెక్కలివి. తాడు కట్టి నిలబెట్టడానికి కాదు. నువ్వు మా ఇంటికొచ్చావు, మా కాఫీ తాగావు. ఇంకో మనిషిని అడగాలని తోచలేదా నీకు? మోటారు కనబడితే మొగాణ్ణి వెతుక్కోవడమేనా?"

అందరి కళ్ళూ అరిస్తిదెస్ మీదికి తిరిగాయి. అతను కాలరు సర్దుకున్నాడు, తల దించాడు, ఎట్టకేలకు నోరు విప్పాడు.

"ఆవిడే చేసింది. నేను మిషను పాడుచేసిందని తిట్టి, అలిగి తమ్ముడింటికి పోయాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. కానీ ఎనెయిదా మెత్తబడలేదు. ఆ చప్పట్లు నిజం చెప్పినందుకు మొగుడికి పడుతున్నాయని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఫ్యాను చేసినందుకు తనకి ఇంతవరకు ఒక్కటీ పడలేదు.

"ఇంతమంది ఉంటేగానీ నీకు నోరు రాలేదా?" అని, ఫ్యాను రెండు చేతులతో ఎత్తుకుని బయటికి నడిచింది.

బరువుకి భుజాలు లాగేస్తున్నాయి. అరిస్తిదెస్ వెనకే వస్తూ "ఇటివ్వవే, పడేస్తావు" అంటూనే ఉన్నాడు. ఆమె ఇవ్వలేదు. పార్కు దగ్గర అరుగు మీద దించి ఊపిరి తీసుకుంది, మళ్ళీ తనే ఎత్తుకుంది.

యోయెల్విస్ తప్పు దిద్దుతూ ఇంకో ముక్క రాశాడు. దాన్ని చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ప్రేమ కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎక్కడెక్కడి భాషల్లోకో వెళ్ళింది. ఒక దేశంలో ఎవరో వేసిన బొమ్మలో అరిస్తిదెస్‌కి గడ్డం కూడా మొలిచిందని బెల్కిస్ చూపించింది.

"దీన్ని ఆపలేమా?" అని అడిగింది ఎనెయిదా.

"ఆపలేం అక్కా. అది ఇంక ఎవరి చేతిలోనూ లేదు."

ఎనెయిదా ఫోను తిరిగిచ్చేసింది. లోపలికి వెళ్ళి మేకూ సుత్తీ తెచ్చింది. ఫ్యాను రెక్కలు విప్పి, ఒకదాన్ని అరుగు మీద బోర్లించింది.

"ఇలా వచ్చి ఇది పట్టుకో," అంది మొగుడితో.

అరిస్తిదెస్ వచ్చి గొంతుక్కూర్చుని రెక్కని రెండు చేతులతో అదిమి పట్టాడు. ఆమె మేకు ఆనించి చుక్క పక్కన చుక్కగా తన పేరులో మొదటి అక్షరం కొట్టసాగింది.

"మెల్లగా కొట్టవే! నా వేలు పక్కనే ఉంది."

"కనబడుతూనే ఉంది," అని ఎనెయిదా సుత్తి ఎత్తింది.