నిండు బ్యాటరీలే తీసుకున్న అవ్వ

ముందుగా చదువరులకు ఒక క్షమాపణ. పగలు అంగట్లో పని చేసి, సాయంకాలం రాత్రి బడికి పోయి డిగ్రీ దాకా చదివినవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటాయి, సొగసు ఉండదు. అయినా ఈ మాటలు మరొకరిచేత రాయించడానికి మనసొప్పలేదు. పోయిన సోమవారం ఉదయం ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, అవ్వ పోయిందన్నా. టీ తాగి, గోనెపట్ట పరుసుకోని కూసునింది. అట్లే ఒరిగిపాయ," అని ఆమె కోడలు చెప్పింది.

అవ్వ నాకు బంధువు కాదు. పాత ఇనుము, పాత బ్యాటరీలు, పాడైన టీవీలు, కంప్యూటర్లు కొనే గుజిరీ అంగడి ఆమెది, ఎమ్మిగనూరులో. ఆదోనిలో బ్యాటరీల అంగడి నాది. కొత్త బ్యాటరీ అమ్మినప్పుడు పాతది వెనక్కి తీసుకుంటాను. ఆ పాతవి ఆమెకు చేరేవి. అంతవరకే ఉండవలసిన పరిచయం. ఆమె నాకు గురువు కావడానికి కారణం నా తప్పు.

మా వ్యాపారంలో పాత బ్యాటరీని తూచే ముందు మూతలు తీసి, తలకిందులు చేసి, లోపలి యాసిడ్ పారబోయడం వాడుక. కొనేవారికి కావలసింది సీసం మాత్రమే. యాసిడ్ బరువుకు ఎవరూ ఒప్పుకోరు. నేనూ అందరిలాగే అంగడి వెనక కాలువలో పోసేవాణ్ణి. లోపల గోడ మీద నా డిగ్రీ పట్టా ఉండేది. ఒకరోజు ఆ కాలువ తీయడానికి దిగిన పారిశుద్ధ్య కార్మికురాలి పాదాలు కాలిపోయాయి. ఆ సంగతి నా చెవిన పడింది. ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను.

రెండు రోజులకు, ఆ సంగతి ఎవరి నోటో విని, అవ్వ బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చింది.

"లేయప్పా, ఒకరింటికి పోయొద్దాం."

"యాడికవ్వా?"

"నడువు. నీ పట్టా యాడికీ పోదులే."

ఆ కార్మికురాలు చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అవ్వ కొంగులోంచి మందు తీసి నా చేతిలో పెట్టి "పుయ్యప్పా" అంది. ఆ తల్లి కాళ్లు ముడుచుకుంది. "వద్దు సార్, నేను పూసుకుంటా."

"ఉండనీమ్మా. సదువుకున్నోడు, నున్నగా పూస్తాడు," అంది అవ్వ.

పూశాను. ఆ చర్మం ఎలా ఉందో రాయడానికి నా దగ్గర మాటలు లేవు. బస్టాండుకు నడుస్తున్నప్పుడు అవ్వ నన్ను తిట్టలేదు. "నా అంగట్లో పారబొయ్యడం ఆపితే సాలనుకుంటి. ఆడ నేను ఆపితే ఈడ మీరు పోస్తాండారు. రెండూర్లూ ఒక మాట మీద లేకుంటే ఆ యాసిడ్ ఊరు మారుతాది, అంతే," అంది.

ఆ తర్వాత ఆమె ఎమ్మిగనూరులో, ఆదోనిలో, కర్ణాటక సరిహద్దున హొళగుందలో అంగడి అంగడికీ తిరిగింది. హొళగుందలో తనకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కలతోనే మాట్లాడింది. విని నవ్వినవారే ముందు ఒప్పుకున్నారు. కట్టుబాటు చిన్నది. బ్యాటరీని యాసిడ్‌తోనే తూచి తీసుకోవాలి. ఖాళీది ఎవరు తెచ్చినా, ఏ ఊళ్లోనూ తీసుకోరాదు. రాగి కోసం వైర్లు కాల్చరాదు. పోగైనదంతా అవ్వ షెడ్డుకు చేర్చాలి. పాత బ్యాటరీలను యాసిడ్‌తో సహా శుద్ధి చేసే, అనుమతి ఉన్న కంపెనీ లారీ నిండు లోడు ఉంటేనే వస్తుంది. ఏ ఊరూ ఒంటరిగా లారీని నింపలేదు.

ఆ కట్టుబాటును కాగితం మీద పెట్టే పని నాకు అప్పగించింది. నేను శ్రమపడి మూడు పుటలు రాశాను. పూర్తిగా విని, "బాగుందప్పా. ఇప్పుడు మనోళ్లకు అర్థమయ్యేది ఒకటి రాయి," అంది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు అర పుటలో రాశాను. ఇప్పుడు అన్ని అంగళ్లలో ఉన్నది ఆ అర పుటే.

ఆమె బ్యాటరీని కళ్లతో చూసేది కాదు. ఒక పక్కకు ఎత్తి, కొంచెం కదిపి, చెవి ఒగ్గి వినేది. లోపల చప్పుడు ఉంటేనే తక్కెడ మీదికి. ఎక్కడైనా చుక్క ఒలికితే బట్టల సోడా చల్లి, పొంగు ఆగేదాకా అక్కడే నిలబడేది. వైర్లు చాకుతో ఒలుస్తూ కూర్చునేది. "అగ్గి పెడితే గడియలో అయిపోతాది కదవ్వా," అని ఎవరైనా అంటే, "నాకేం తొందరప్పా, యా రైలుకు పోవాల?" అనేది.

గురువారం నా దగ్గరున్న పాత బ్యాటరీలను ఆటోలో వేసుకుని ఎమ్మిగనూరు పోయాను. కోడలు షెడ్డు తెరిచి ఉంచింది. నేను ఉండగానే ఒకతను మోటార్ సైకిల్ మీద లారీ బ్యాటరీ తెచ్చాడు. ఆమె దాన్ని ఎత్తి, చెవి దగ్గర కదిపి, కింద పెట్టింది.

"ఖాళీది. తీసుకోం."

"అవ్వే పాయ, ఇంగ ఆ రూలు యాడిదమ్మా?"

"అవ్వ పోతే నేను లేనా? ఎత్తుకోప్పా."

"మీరు కాకుంటే ఆదోనిలో తీసుకుంటారు," అంటూ అతను దాన్ని మళ్లీ కట్టుకుని ఆదోని దారి పట్టాడు. ఆమె నా ముఖం చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి నాకు అంగట్లో నిలకడ లేదు. ఆదోనిలో అన్ని అంగళ్లలోనూ అడిగాను. అందరూ "మేం తీసుకోలేదన్నా" అన్నారు. ఒకతను మాత్రం, "తీసుకున్నా ఒక్కటే కదన్నా, ఏమైతాది?" అన్నాడు. ఒక అంగడి ఖాళీవి తీసుకుంటే, నిండువి తూచే పక్క అంగడి ఎన్నాళ్లు నిలుస్తుంది? షెడ్డుకు సరుకు తగ్గితే లారీ రాదు. మళ్లీ అందరం అంగళ్ల వెనక కాలువలకే పోతాం.

కాబట్టి దీన్ని చదివినవారు మడిచి పెట్టుకోవద్దు. మొదట ఆదోని బ్యాటరీ అంగళ్ల వారికి ఇవ్వండి. తర్వాత హొళగుందకు పంపండి. అక్కడ తెలుగు చదవలేనివారికి కన్నడంలో చెప్పండి. చివరికి ఆ ఖాళీ బ్యాటరీ తీసుకున్న అంగడి యజమానికి ఇది చేరాలి. ఆయనెవరో నాకు తెలియదు. ఆయన దీన్ని చదివేవేళకు ఆ బ్యాటరీ మూతలు ఊడి, తేలికగా, ఆయన గడప పక్కన ఉండవచ్చు. అందులో ఉండవలసిన యాసిడ్ మాత్రం ఎక్కడో ఏదో చేని గట్టున, నెర్రె వెంబడి, ఇంకా లోపలికి దిగుతూ ఉంటుంది.