అయిదో డ్రమ్ము ఓరిన్ జపం

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఒక డ్రమ్ముల దండులో అన్నిటికన్నా పెద్దది, అయిదో డ్రమ్ము మోసేవాడు ఓరిన్. ఆరడుగుల మనిషి, పొట్ట మీద డ్రమ్ము, డ్రమ్ము వెనక పిరికి గుండె. జనం హోరెత్తితే చాలు, ఆ గుండె పరుగెత్తేది, దాని వెంటే చేతులూ పరుగెత్తేవి. అందుకు మందు తనే కనిపెట్టుకున్నాడు: వాయించినంతసేపూ తిండి జపం. "మొక్కజొన్న, వెన్న, ఉప్పు... మొక్కజొన్న, వెన్న, ఉప్పు..." ఆ మాటల మీద చేతులు గడియారంలా నడిచేవి.

"పోటీ ఫైనల్సులో నోరు కదిపి మార్కు పోగొట్టావో, నీ డ్రమ్ము కర్రలు విరిచి చేతిలో పెడతా," అంది జట్టు నాయకురాలు మార్లిస్.

"కదపకపోతే చేతులు పారిపోతాయే తల్లీ!"

తీరా ఫైనల్సులో జడ్జి వచ్చి అతని మూతి పక్కనే నిలబడ్డాడు, తప్పొప్పులు మైకులో చెప్పి రికార్డు చేస్తూ. జనం హోరెత్తారు. ఓరిన్ పెదాలు వాటంతటవే జపం అందుకున్నాయి.

పోటీ అయ్యాక, ఆనవాయితీ ప్రకారం, బస్సులో అందరూ ఆ రికార్డు విన్నారు. "రెండో డ్రమ్ము తొందరపడుతోంది... అయిదోది భేష్, కానీ ఇతనేదో గొణుగుతున్నాడు..." మార్లిస్ పళ్లు కొరికింది. ఓరిన్ సీటు కిందికి జారాడు. రికార్డులో కాసేపు డ్రమ్ముల మోతే. తర్వాత జడ్జి గొంతు, మెల్లగా: "కాస్త మిరియాల పొడి కూడా చల్లుకో నాయనా."

అక్కణ్ణుంచి చివరిదాకా తప్పొప్పుల ఊసే లేదు. రెండు గొంతులు కలిసి, తాళం తప్పకుండా, మొక్కజొన్న తింటూనే ఉన్నాయి.