బీరు పండుగ గోడ మీద అక్క

మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో మూడు రోజుల బీరు పండుగ. దానికి గోడలు కట్టే పని మా కంపెనీకి వచ్చింది. పెళ్లిళ్లకు, ఎగ్జిబిషన్లకు ప్లైవుడ్ గోడలు, స్టేజీలు కట్టడం, అయిపోయాక విప్పడం మా పని. నేనూ మా బావా అల్ ఖౌద్‌లో మేముండే రూమ్ నుంచి ఒకే వ్యాన్లో వెళ్లేవాళ్లం. హోటల్ హాల్లో ఫోర్‌మన్ స్టిక్కర్ చుట్టలు విప్పి పరిచాక గానీ ఆ పండుగ దేనికో మాకు తెలియలేదు. అది మా జిల్లా బీరు. అది ఎక్కడ పుట్టింది, మొదట ఏ బావి నీళ్లు వాడారు, అంతా బొమ్మలతో వేశారు.

ఆ ఫ్యాక్టరీలో నేను ఎనిమిదేళ్లు పనిచేశాను, బావ పన్నెండేళ్లు. ఇద్దరం కాంట్రాక్టు మనుషులమే. తెల్లటి లైటు ముందు కూర్చుని, ఎదురుగా కదిలిపోయే సీసాల్లో నలక గానీ పగులు గానీ కనిపిస్తే తీసి పక్కన పెట్టాలి. మా అక్క, అంటే బావ భార్య, బయట షెడ్డులో తిరిగొచ్చిన ఖాళీ సీసాలు ఏరేది. సీసాలు చూసే మిషన్ రాగానే మా ఇద్దరినీ ఆపేశారు. అక్కను ఉంచారు. మేము ఒమన్ వచ్చాం. రెండో ఏడు అక్క కామెర్లతో పోయింది. బావ ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. నేనైతే వెళ్లనే లేదు.

ఐదో గోడకు స్టిక్కర్ అంటిస్తుంటే బావ చేతులు ఆగిపోయాయి. సీసాల గుట్ట ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ల ఫోటో అది. రెండో ఆమె పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది. ముఖం సగమే కనిపిస్తోంది.

"మీ అక్కరా ఇది," అన్నాడు బావ.

దగ్గరికి వెళ్లి చూశాను. మోచేతి కింద పొడుగాటి మచ్చ. సీసా పేలి కోసుకున్న రోజు ఆమెను సైకిల్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే.

"కాదు బావా. గట్లనే ఉన్నది గంతే," అన్నాను.

సాయంత్రానికి హాలు అప్పగించాలి. ఫోర్‌మన్ చూస్తున్నాడు. బావ అక్కడే కూలబడిపోతే ఎట్లా అని భయపడ్డాను. అదొక్కటే కాదు. అక్క గురించి మాట్లాడటం మేమిద్దరం ఎప్పుడో మానేశాం. మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

బావ నాతో వాదించలేదు. మా ఫోన్లు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల చేతిలో ఉన్నాయి, ఫోటో తీసుకునే వీలు లేదు. అందుకని పండుగ పనులు చూసే మేడమ్ దగ్గరికి వెళ్లి, అయిపోయాక ఆ ఒక్క స్టిక్కర్ ఇస్తారా అని హిందీలో అడిగాడు. ఆ ఫ్యాక్టరీలో పనిచేశానని చెప్పాడు గానీ భార్య మాట ఎత్తలేదు. ఆమె మంచిగానే మాట్లాడింది. ఎట్లాగూ చెత్తలోకే పోతాయి, తీసుకోమంది. అయితే అవి ఎక్కడో కొన్న ఫోటోలు కావచ్చని, అది ఆ ఫ్యాక్టరీయేనని తను చెప్పలేనని కూడా అంది.

పండుగ జరిగిన మూడు రోజులూ మాకు వేరే సైట్లో డ్యూటీ. రూమ్‌లో వంట చేస్తూ బావ అక్క గురించి మాట్లాడాడు. సీసాను వేలితో తట్టి, చప్పుడును బట్టే పగులు చెప్పేసేదట. నాకు తెలిసిన సంగతే. కొత్తగా వింటున్నట్టు విన్నాను.

నాలుగో రోజు పొద్దున విప్పడానికి వెళ్లాం. మిగతా గోడల స్టిక్కర్లు లాగి చింపేశాం. ఆ ఒక్కదాన్ని బావ హీట్‌గన్‌తో వేడి చేస్తూ, పై మూల నుంచి కొంచెం కొంచెంగా ఊడదీశాడు. వేడి తగ్గితే చిరుగుతుంది, ఎక్కువైతే సాగుతుంది. అక్క తల దాకా బాగానే వచ్చింది. అక్కడ సాగింది. చెంప, నవ్వు, పక్కనున్నామె భుజం కలిసిపోయి పొడుగాటి చారలా అయ్యాయి. చల్లారనిచ్చి, వేళ్లతో దగ్గరికి నొక్కి చూశాడు. చిరిగిపోయింది.

ఊడి వచ్చిన పై ముక్కను లైటు వైపు ఎత్తి చూశాడు.

"నువ్వన్నదే నిజంరా. ఆమె కాదు," అన్నాడు.

చుట్టచుట్టి తనే చెత్తలో పడేశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. మచ్చ ఉన్న చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని గీకి తీసింది నేనే.

ఆ నెలలోనే బావ అడిగి మరీ దూరాన సూర్ ఊళ్లో ఉన్న సైట్‌కు మార్పించుకున్నాడు. శుక్రవారం ఫోన్ చేస్తే తిన్నావా అంటాడు, తిన్నానంటాను. అంతటితో ఫోన్ పెట్టేస్తాం. మొన్న చలికాలంలో, ఆ ఫోటోలో ఉన్నది అక్కేనని ఈసారి చెప్పేద్దామని బస్సెక్కి సూర్ వెళ్లాను. చేపల కూర వండి పెట్టాడు. చిక్కిపోయాడు. గోడ వైపు తిరిగి పడుకుంటే, నిద్రపోతున్నాడేమో అనుకుని కాసేపు కూర్చుని, బస్సు టైమవుతోందని లేచాను. పడుకునే ఉండి, "పైలంగ పో" అన్నాడు.