డీలర్ వంతు రెండోది

పేకముక్కకు మీ జాతకం తెలుసునని మీకు ఎవరు చెప్పారు?

వైటూకే కంప్యూటర్ పని మీద సిడ్నీ వచ్చిన కొత్తలో, క్వేకర్స్ హిల్ ఇంట్లో నాతో ఉండే మిత్రుడు, ఊళ్లోని సిద్ధాంతి ఫోన్లో చెప్పిన శుభఘడియకు మొదటి జీతం జేబులో పెట్టుకుని కాసినోకు బయల్దేరాడు. గుమ్మం దగ్గరే ఆపి, వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి, నేనే కాసినో తరఫు డీలర్నై బ్లాక్‌జాక్ ముక్కలు పంచాను. పందేనికి జంతికలు. ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా, దానికి ఎవరు దగ్గరగా ఉంటే వారిదే గెలుపు; దాటితే బస్ట్, పందెం పోయినట్టే.

అతను ఇంకో ముక్క అడిగి దాటిపోయాడు. వెంటనే అతని జంతిక నమిలేశాను. తర్వాత సరదాకి నా ముక్కలూ తీశాను. నేనూ దాటాను.

“ఇద్దరం బస్ట్ కదా బాబాయ్, మ్యాచ్ డ్రా. నా జంతిక ఏది?”

“నువ్వు ఫస్ట్ పోయావు. ఇక నాకేమైనా నీకు అనవసరం. అదే రూల్.”

“ఎప్పుడూ ప్లేయరే ఫస్ట్ ఆడాలా?”

“ఏ ముహూర్తంలో వెళ్లినా అంతే.”

“సిద్ధాంతి గారు ఈ ముక్క చెప్పలేదే.”

“జీతం ఆయనది కాదుగా.”

అతను బూట్లు విప్పి, జంతికల డబ్బా తన వైపు లాక్కున్నాడు.

“ఇప్పుడు నేను డీలర్.”

మీరూ పందెం కాసే ముందు ముహూర్తం అడగకండి. మొదటి వంతు ఎవరిదో అడగండి.